కుండ అడుగున రాగి బిళ్ళ

నోటికాడి కూడు చెత్తపీపాలో పోయించింది మీరు. ఆఫీసు అద్దాల గదిలో చల్లగా కూర్చుని, ఫోనులో రెండు ముక్కలు చెప్పి పోయించింది మీరు. పోసిన చేతులు రొహేలియోవి కావచ్చు. ఆ చేతుల్ని ఆడించిన తాడు కొస మీ గదిలోనే ఉంది. ఏటా డిసెంబరులో ఫ్రొసీనా పెద్దమ్మ మొక్కజొన్న పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలెలు విప్పుకుని, వేళ్ళు నాక్కుని, "ఈవిడ చేతిలో ఏదో ఉందిరా" అని మెచ్చుకున్నదీ మీరే. ఆ చేతిలో ఏముందో వినండి.

మంగళవారం పొద్దున, పళ్ళు ఏరి డబ్బాల్లో సర్దే షెడ్డులో పంపరపనసలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. పండగ ముందు వారం, ఈ లోయ నుంచి ఉత్తరాది ఊళ్ళకి లారీలు వెళ్ళే వారం. పళ్ళు కడుక్కుని, మైనం పూసుకుని, రోలర్ల మీద దొర్లుకుంటూ ఆడవాళ్ళ ముందుకొస్తాయి. మచ్చపడ్డది పక్క గాడిలోకి, మెత్తబడ్డది కాళ్ళ దగ్గర పీపాలోకి, మంచిది ముందుకి. కంటితో చూసేంత టైముండదు, బొటనవేలే చెప్పాలి. ఎర్మెలిందా బెల్టుకి ఇటు, ఆమె పెద్దమ్మ ఫ్రొసీనా అటు. ఎర్మెలిందాని పెంచింది ఆవిడే. ఈ పనిలో పెట్టిందీ ఆవిడే. పండుని నొక్కకుండా పట్టుకోవడం నేర్పినప్పుడు చెప్పింది ఒక్కటే మాట: "పసిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకో. అంతే."

షెడ్డు వెనక మూల ఒక రేకు బల్ల ఉండేది. దాని మీద కరెంటు పెనం. తినే వేళకి ఆడవాళ్ళందరూ తెచ్చినవన్నీ ఆ బల్ల మీద పరిచేవాళ్ళు. ఫ్రొసీనా గోధుమ రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చేది. ఆవిడ కోడలు ఒఫేలియా పంది కొవ్వులో వేయించి మెదిపిన చిక్కుళ్ళు తెచ్చేది. ఒకరు బంగాళాదుంపా గుడ్డూ, ఇంకొకరు నాగజెముడు ఆకుల వేపుడు. చాయో అనే కుర్రపిల్ల ఉండే గదిలో పొయ్యి లేదు కాబట్టి పచ్చిమిరపకాయల ఊరగాయ సీసా ఒక్కటి తెచ్చి, దాన్ని బల్ల మధ్యలో పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టినట్టు పెట్టేది. ఎవరి డబ్బా వాళ్ళు ముందేసుకుని తినడం ఆ బల్ల దగ్గర పరువు తక్కువ పని.

ఆ రోజు తినే వేళకి వేసే సైరను కూత ఇంకా వెయ్యలేదు. బల్ల వైపు నుంచి ఇనప మూత పడ్డ చప్పుడు వినిపించింది. ఎర్మెలిందా తల తిప్పి చూసింది.

రొహేలియో. షెడ్డు మేస్త్రీ. కుళ్ళిన పళ్ళ పీపాని బల్ల పక్కకి దొర్లించుకొచ్చి, ముంజేత్తో బల్లని తుడిచినట్టు తుడుస్తున్నాడు. డబ్బాలు, గుడ్డ మూటలు, చాయో సీసా, అన్నీ పీపాలోకి. పైన బ్లీచింగు సీసా వంచాడు. ఎవరూ ఏరుకోకుండా.

"ఒరే! ఒరే రొహేలియో!" ఎర్మెలిందా పరిగెత్తింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నన్నేం అనకు. ఆఫీసు నుంచి ఫోను. మధ్యాహ్నం సరుకు కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. మిరపకాయల వాసనా, కొవ్వు వాసనా రాకూడదంట. ఇవాళ్టి నుంచి ఇంటి తిండి లోపలికి లేదు." పెనం తీగ పీకి చేతికి చుట్టుకుంటున్నాడు. మొహం ఎత్తలేదు. "గుమ్మం దగ్గర చిప్సు మిషను ఉందిగా."

"ముందు చెప్తే కార్లలో పెట్టుకునేవాళ్ళం కదరా."

"నాకూ ఇప్పుడే చెప్పారు."

"నీకిప్పుడే చెప్పారు, నువ్విప్పుడే పోశావు. ఐదు నిమిషాలు ఆగితే నీ మేస్త్రీగిరీ ఊడిపోయేదా?"

ఫ్రొసీనా పీపా దగ్గరికొచ్చి లోపలికి చూసింది. ఆవిడ రొట్టెల గుడ్డ నీలం పువ్వులది. రొహేలియోకి అది తెలియనిది కాదు. వాడి బాప్తిస్మానికి చర్చిలో వాణ్ణి చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆవిడ. వాళ్ళమ్మ ఉల్లితోటల్లో పనికి పోతే, ఆ గుడ్డలో రొట్టెలు తిని పెరిగినవాడు.

"పోనీలేవే" అంది ఫ్రొసీనా. "పనోడు, చెప్పింది చేశాడు. ఒక పూట తినకపోతే చచ్చిపోతామా."

అదీ ఆవిడ. ఎప్పుడూ అంతే. కానీ పొద్దున్నే షుగరుకి ఇన్సులిన్ సూది పొడుచుకుని వచ్చింది. సూది పడ్డాక కడుపులో తిండి పడాలి. తినే కూత పడి, మిషను దగ్గర వరస కట్టేసరికి అందులో చాయో వేసిన చిల్లర ఇరుక్కుపోయింది. చాయో దాన్ని తన్నింది, తిట్టింది, ఇంకోసారి తన్నింది. ఈలోపల మళ్ళీ పనికి కూత. బెల్టు కదిలింది.

కొనేవాళ్ళు తెల్ల టోపీలు పెట్టుకుని వచ్చారు, వాసన చూశారు, వెళ్ళారు. వాళ్ళ కారు గేటు దాటిందో లేదో, ఎదురుగా పెద్దమ్మ చేతిలో మంచి పండు పీపాలోకి వెళ్ళడం ఎర్మెలిందా చూసింది. తరవాత కుళ్ళుపండు ముందుకి వెళ్ళింది. ఆ చెయ్యి తప్పు చేయదు. "పెద్దమ్మా" అని అరిచేలోపు ఫ్రొసీనా నిలువునా ముందుకి పడింది. నోరు రోలరు అంచు ఇనుముకి తగిలింది. బెల్టు ఆగలేదు. పళ్ళు ఆవిడ జుట్టుని తోసుకుంటూ దొర్లుతూనే ఉన్నాయి. ఆపే మీట ముట్టుకునేది రొహేలియో ఒక్కడే. అతను వచ్చి నొక్కేసరికి ఎర్మెలిందా బెల్టెక్కి దూకి, ఆవిడ నోట్లో పంపరపనస రసం పిండుతోంది. రసంతో పాటు నెత్తురు కారింది.

ఫ్రొసీనాకి నోట్లో పై వరసలో రెండు పళ్ళు పోయాయి. పెదవికి కుట్లు పడ్డాయి.

ఆసుపత్రి వరండాలో ఉన్న ఎర్మెలిందాకి ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. గొంతులో తేనె. "అయ్యో, ఆంటీకి ఎలా ఉంది? రెస్టు తీసుకోమనండి. చూసుకుని నిలబడాలి కదా పాపం." కాస్త ఆగి, "అన్నట్టు, శుక్రవారం ఆఫీసు పండగ పార్టీ మర్చిపోకండేం. సారు ఎప్పటిలాగే తమాలెలు ముప్పై డజన్లు అన్నారు. ఆంటీ చెయ్యలేకపోతే మీరెవరైనా చేసినా పర్లేదు."

ఎర్మెలిందా ఫోను వైపు చూసింది. చేతిలో పాము ఉన్నట్టు చూసింది.

ఇంటి తిండి షెడ్డులోకి రాకూడదు. ఆఫీసులోకి రావాలి. ముప్పై డజన్లు. వాసన వాళ్ళ పళ్ళాల్లో ఉంటే వాసన కాదు.

"పంపుదాం" అంది ఒఫేలియా, గురువారం మధ్యాహ్నం షెడ్డు విడిచాక, అత్తగారి వంటింట్లో చేతులు కడుక్కుంటూ. "గొడవెందుకు? మా ఆయన కూడా అక్కడే సరుకు బండి తోలుతున్నాడు. ఈ ఏడు పంపకపోతే ఎందుకు పంపలేదని అడుగుతారు. అడిగితే ఏదో ఒకటి చెప్పాలి. చెప్తే ఇద్దరి పనీ పోద్ది."

"పళ్ళు రాలగొట్టినోళ్ళకి పలారాలా?" అంది ఎర్మెలిందా.

"మనం తినమా? మన పిల్లలు తినరా? ఎటూ పండక్కి చెయ్యాల్సిందేగా. అందులోంచి వాళ్ళకీ పోతాయి. ఏమంటావత్తయ్యా?"

ఫ్రొసీనా కుట్లు పడ్డ పెదవితో నవ్వింది. నవ్వో కాదో తెలియని నవ్వు. "పిండి కలపండి" అంది.

వంటిల్లు నిండిపోయింది. మూకుడులో పంది మాంసం ఎండుమిరప రసంలో ఎర్రగా ఉడికి ఉంది. చాయో వెడల్పాటి బేసిన్లో మొక్కజొన్న పిండీ కొవ్వూ మోచేతుల దాకా పెట్టి కొడుతోంది. మధ్యమధ్య చిన్న ఉండ తీసి గ్లాసు నీళ్ళలో వేస్తోంది. మునిగితే ఇంకా కొట్టాలి, తేలితే చాలు. నానిన మొక్కజొన్న రేకులు టేబులు మీద ఆవిరి కక్కుతున్నాయి. రేకు అరచేతిలో పరుచుకుని, చెంచా వీపుతో పిండి రాసి, మధ్యలో కూర పెట్టి, అటూ ఇటూ మడిచి, తోక కిందికి మడవాలి. ఫ్రొసీనా రాసిన పిండి రేకు నరాలు పైకి కనపడేంత పల్చన.

ఎర్మెలిందా రాసింది గోడకి సున్నం కొట్టినట్టు ఉంది. చెంచా రేకుని చీల్చింది. రెండోది కూడా చీలింది.

"చూశావా?" ఒఫేలియా చెంచా లాక్కుంది. "ఒళ్ళంతా కోపం పెట్టుకుని పిండి ముట్టుకుంటావేంటే? కుండ ఉడకదు. మా అమ్మమ్మ నాటి నుంచి చూస్తున్నా. కోపిష్ఠిది వంటింట్లో ఉంటే తెల్లారేదాకా కాచినా పచ్చిగానే ఉంటాయి."

"నిజమేనక్కా" అంది చాయో, బేసిన్లోంచి తలెత్తి. "మా ఊళ్ళో ఒకావిడ మొగుణ్ణి తిట్టుకుంటా పెట్టింది. మూడు రోజులు కాచారంట. మొగుడు ఉడికాడు గానీ తమాలెలు ఉడకలా."

అందరూ నవ్వారు. ఎర్మెలిందా నవ్వలేదు.

"బయటికి పో" అంది ఒఫేలియా. "మెట్టు మీద కూర్చో. కోపం దిగాక రా."

పెద్దమ్మ అడ్డుపడుతుందేమోనని ఎర్మెలిందా చూసింది. ఫ్రొసీనా చెంచాతో రాస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

మెట్టు మీద కూర్చుంది ఎర్మెలిందా. మాడిన మూకుడు ఒకటి చేతికిచ్చి తోమమన్నారు. ఇసకతో తోమింది. షెడ్డులో కోపం వద్దు, పని పోద్ది. ఇంట్లో కోపం వద్దు, కుండ ఉడకదు. చర్చిలో కోపం వద్దు, పాపం. మరి ఎక్కడ పెట్టుకోవాలి దీన్ని? మూకుడు అడుగు తెల్లబడింది. అయినా తోముతూనే ఉంది.

కిటికీ దోమతెర వెనక నుంచి అన్నీ వినిపిస్తున్నాయి. పెద్ద సత్తు కుండ పొయ్యెక్కించారు. అడుగున నీళ్ళు, నీళ్ళలో ఒక రాగి బిళ్ళ, పైన చిల్లుల పళ్ళెం, దాని మీద తమాలెలు నిలబెట్టి. నీళ్ళు మరుగుతున్నంతసేపూ బిళ్ళ అడుగున టకటకలాడుతూ ఉంటుంది. టకటక ఆగిందంటే నీళ్ళు అయిపోయినట్టు. కుండ చెవులకి మొక్కజొన్న రేకు చీలికలు పువ్వుల్లా ముడేశారు, కుండకి దిష్టి తగలకుండా. కుండ పక్కన కుర్చీ వేసుకుని ఎప్పటిలాగే ఫ్రొసీనా కూర్చుంది. ఆవిడ చెవి ఈ వీధిలో పేరుపడ్డ చెవి. పక్కింటి కుండలో బిళ్ళ ఆగినా ఇక్కణ్ణుంచి చెప్తుందని వేళాకోళం చేస్తారు.

టకటక, టకటక. మిగతావాళ్ళు అవతలి గదిలో రెండో వాయికి రేకులు తుడుస్తూ ఏదో సీరియల్ గురించి మాట్లాడుకుంటున్నారు.

టకటక ఆగింది.

ఎర్మెలిందా చెయ్యి మూకుడు మీద ఆగింది. వింది. లేదు. దోమతెరలోంచి చూస్తే పెద్దమ్మ కుర్చీలో నిటారుగా కూర్చునే ఉంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుండవైపే చూస్తూ.

"వదినా!" అని కేకేసింది. "నీళ్ళు! కుండలో నీళ్ళయిపోయాయి!"

"నువ్వు కుండతో మాట్లాడకు" అవతలి గదిలోంచి ఒఫేలియా. "అత్తయ్య ఉంది దాని దగ్గర. నీ నోరు అటే పెట్టుకో."

"బిళ్ళ ఆగింది, చెవులు లేవా మీకు?"

"కోపం ఇంకా దిగలా దీనికి!"

ఎర్మెలిందా దోమతెరకి నోరు ఆనించి "పెద్దమ్మా!" అంది. ఆవిడ కదల్లేదు. మాడు వాసన ముందు సన్నగా, తరవాత ముక్కు పగిలేలా వచ్చింది. అప్పుడు పరిగెత్తుకొచ్చారు అందరూ. పొయ్యి ఆపి మూత ఎత్తారు. ఒఫేలియా ఒకటి తీసి రేకు ఒలిచింది. ఉడికితే రేకు చక్కగా ఊడొస్తుంది. ఊడలేదు. పిండి రేకుకి పచ్చి బంకలా అంటుకుంది. అడుగు వరస తీస్తే బొగ్గు. కింద మాడు, పైన పచ్చి.

"అయ్యింది!" ఒఫేలియా గుమ్మం వైపు తిరిగింది. "చెప్పానా? బయట కూర్చుని కూడా పాడుచేసింది! నీ కోపం గోడలు దాటొచ్చింది కదే!"

"నేను అరిచాను" అంది ఎర్మెలిందా గుమ్మంలో నిలబడి. "బిళ్ళ ఆగిందని అరిచాను. కోపంగా ఉన్నదాని మాట నిజమైనా వినరు మీరు."

"దానిది కాదు."

ఫ్రొసీనా మాట. పళ్ళు పోయిన సందులోంచి గాలి జారుతోంది కాబట్టి మాట నెమ్మదిగా వచ్చింది.

"దాని కోపం కాదు. నాది."

ఎవరికీ అర్థం కాలేదు. అత్తయ్యకి కోపమేంటి?

"బిళ్ళ ఎప్పుడాగిందో నాకు వినపడలా. మంగళవారం నుంచీ నా చెవుల్లో ఆ పీపా మూత చప్పుడే. ఇంకేం వినపడట్లా." ఒళ్ళో చేతులు అలాగే ఉన్నాయి. "ఆ రొహేలియోకి మొట్టమొదటి తమాలె ఒలిచి నోట్లో పెట్టింది ఈ చెయ్యి. ఇదే కుర్చీలో. ఊది ఊది పెట్టా, నాలిక కాలకుండా. వాడు నా గుడ్డ చూశాడు. నాదని తెలిసి పోశాడు. 'పోనీలే' అన్నా. ఎన్ని పోనీలే అన్నానే నేను ఈ బతుక్కి? పదిహేను నిమిషాల్లో తినమన్నారు, పోనీలే. నీళ్ళ కుళాయి తీసేశారు, పోనీలే. అన్నీ ఇక్కడ పెట్టా." గుండె మీద కొట్టుకోలేదు, కడుపు చూపించింది. "కుండ ఎట్టా ఉడుకుద్ది?"

ఒఫేలియా టేబులుకి ఆనుకుంది. "అత్తయ్యా..." అంది. "మా ఆయన్ని కూడా బండి దిగనివ్వరు. సీసా పెట్టుకుంటాడు బండిలో, ఒంటికి వెళ్ళడానికి. ఉతికేది నేను." అని మొహం కప్పుకుంది.

చాయో మాడిన తమాలెలు దులిపి కుండ కడిగింది. నీళ్ళు పోసింది. బిళ్ళ వెతికి, మసి తోమి, మళ్ళీ అడుగున వేసింది. "పెద్దమ్మా, మా ఊళ్ళో ఉడక్కపోతే కుండ ముందు డాన్సు చేస్తారు. చెయ్యనా?"

"డాన్సొద్దు. తిట్టండి" అంది ఫ్రొసీనా. "లోపల పెట్టుకోకుండా తిట్టండి. నేనూ తిడతా. కుండ చెవులకి పువ్వులు కట్టాంగా, విననీ."

ముందు సిగ్గుపడ్డారు. చాయో మొదలుపెట్టింది: "ఆ మిషను కడుపులో నా చిల్లర ఇరుక్కున్నట్టు వాళ్ళ కడుపులో మా చిక్కుళ్ళు ఇరుక్కోనీ!" తరవాత ఆగలేదు. చర్చిలో ముందు వరసలో కూర్చునే ఆడవాళ్ళ నోళ్ళలో ఆ మాటలు ఎక్కడ దాక్కున్నాయో! ఒఫేలియా తిట్టిన ఒక తిట్టుకి ఫ్రొసీనా కుట్లు పట్టుకుని "నవ్వించకే, ఊడతాయి" అని వేడుకుంది. ఎర్మెలిందా రాసిన పిండి ఈసారి పల్చగా పరుచుకుంది. కుండ పక్కన ఫ్రొసీనా కూర్చుంది. అంత గోలలోనూ రెండుసార్లు "నీళ్ళు" అంది, బిళ్ళ తడబడకముందే.

రేకు ఒలిచారు. చక్కగా ఊడొచ్చింది.

శుక్రవారం తినే వేళకి సత్తు కుండని దుప్పట్లో చుట్టి, బండి వెనక పెట్టుకుని వెళ్ళారు. ముందు గుమ్మం దగ్గర ఆఫీసు అమ్మాయి చెవులకి గంటల లోలాకులు పెట్టుకుని నిలబడి ఉంది. "హాయ్! ఇటు, ఇటు!" బండి ఆగలేదు. వెనక గేటుకి వెళ్ళింది.

తినే కూత పడింది. బెల్టు ఆగింది. అప్పుడు రెస్టులో ఉండాల్సిన ఫ్రొసీనా తలకి గుడ్డ కట్టుకుని షెడ్డులోకి నడిచొచ్చింది. పూలపూల ప్లాస్టిక్ గుడ్డ విప్పి రోలర్ల మీద పరిచింది. ఎర్మెలిందా, ఒఫేలియా చెరో చెవి పట్టుకుని కుండని దాని మీద పెట్టారు. ఒఫేలియా మొగుడు బండి దిగి వచ్చాడు. ఆడవాళ్ళు అటూ ఇటూ వరసగా నిలబడ్డారు, రోజూ నిలబడే చోటే. అంత పొడుగు భోజనాల బల్ల ఈ లోయలో ఏ దొర ఇంట్లోనూ లేదు.

ఇంకొక్క పని చేసింది ఎర్మెలిందా. కుళ్ళుపళ్ళ పీపాని దొర్లించుకొచ్చి బెల్టు పక్కన పెట్టింది. మూత తీసి పట్టుకుంది. బ్లీచింగు సీసా తెచ్చి అంచున నిలబెట్టింది.

రొహేలియో ఫోను చెవిన పెట్టుకునే వచ్చాడు. "ఇక్కడున్నారండీ... వస్తున్నాయండీ..." కుండ చూశాడు. పీపా చూశాడు. ఫోను దించాడు. "అమ్మా, ఏంటిది? అక్కడ అందరూ ప్లేట్లు పట్టుకుని కూర్చున్నారు."

"కడిగినవేనా?" అంది చాయో.

"నువ్వాగవే. అమ్మా, పనికి కూత వేళయిపోతోంది. లారీ బయటుంది. బెల్టు మీంచి తియ్యండి. నా మాట కాదిది, పైనుంచి..."

"నీ మాట కాదు, తెలుసు" అంది ఫ్రొసీనా. "చెయ్యి నీదేగా."

కుండలోంచి ఒకటి తీసింది. రేకు ఒలిచింది. ఊదింది. నాలిక కాలకుండా ఊదినట్టే, పళ్ళు లేని సందులోంచి గాలి ఈలలా పోతుంటే, రెండుసార్లు ఊది అతని ముందుకి చాపింది.

"తింటే తిను. లేదా మొన్నట్లాగే పొయ్యి. పీపా ఇక్కడే ఉంది, నీకు శ్రమ లేకుండా తెచ్చాం. బ్లీచింగు సీసా కూడా ఉంది. ఈసారి మేం చూస్తుండగా పొయ్యి."

అతని చేతిలో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. కూత పడింది. ఇరవై అడుగుల దూరంలో మీట ఉంది, నొక్కితే బెల్టు కదులుతుంది, కుండా గుడ్డా తమాలెలూ రోలర్ల మీద దొర్లుకుంటూ పోయి డబ్బాల్లో పడతాయి. అతను మీట వైపు చూశాడు. ఎర్మెలిందా ఇనప మూత పట్టుకున్న చెయ్యి నొప్పెడుతోంది. దించలేదు.

రొహేలియో ఆవిడ పెదవి మీద కుట్లు చూశాడు. మంగళవారం నుంచి మొదటిసారి ఆ మొహం వైపు చూశాడు. తమాలె అందుకోలేదు. పీపా దగ్గరికొచ్చి, ఎర్మెలిందా చేతిలోంచి మూత తీసుకుని, చప్పుడు కాకుండా పీపా మీద పెట్టాడు.

ఫోను మోగుతూనే ఉంది.

"ఎత్తు" అంది ఫ్రొసీనా. "ఎత్తి చెప్పు. తమాలెలు ఇక్కడున్నాయి, ఆకలేసినవాళ్ళు ఇక్కడికే వచ్చి మాతోపాటు నిలబడి తినమను."

"అమ్మా, నా ఉద్యోగం..."

"నా పళ్ళు" అందావిడ.

ఎర్మెలిందా ముందుకొచ్చింది. కోపం దిగలేదు. దింపుకోవాలనీ అనిపించలేదు. మెట్టు మీద కూర్చున్న దాని గొంతు కాదు ఇప్పుడు, దోమతెర అడ్డం లేదు. అద్దాల గదిలో ఉన్నవాళ్ళకి కూడా వినపడాలని షెడ్డు రేకులు అదిరేలా అంది:

"రేకు బల్ల తెచ్చి ఎక్కడిది అక్కడ పెట్టండి. పెనం తీగ గోడకి పెట్టండి. నీళ్ళ కుళాయి మళ్ళీ బిగించండి. కూర్చుని తినడానికి అరగంట, ఒక్క నిమిషం తగ్గకుండా. మా పెద్దమ్మ పళ్ళు మీ డబ్బుతో కట్టించండి. రేపు కాదు, పండగయ్యాక కాదు. ఇప్పుడు. లారీ ఆగుతుంది, ఆగనీండి. ముందు బల్ల. తరవాతే బెల్టు."